రాస్ప్‌బెర్రీ పై 3బీ ప్లస్: లూప్‌బ్యాక్ టెస్ట్ పాస్, మీటర్ మాత్రం పలకట్లేదు (ఆర్ఎస్-485, మోడ్‌బస్)

మోటారు_మీటరు:
అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్ బోరు మోటార్ ప్యానెల్లో ఒక డిజిటల్ ఎనర్జీ మీటర్ ఉంది, వెనక ఏ, బీ అని ఆర్ఎస్-485 (రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) టెర్మినల్స్ ఉన్నాయి కానీ ఇన్నేళ్లలో ఎవరూ వాటి జోలికి పోలేదు. మోటార్ కరెంటు బిల్లు మీద అసోసియేషన్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ గొడవే, అందుకని ఇంట్లో ఖాళీగా పడున్న రాస్ప్‌బెర్రీ పై 3బీ ప్లస్ (బుల్లి కంప్యూటర్ బోర్డు) పెట్టి రీడింగులు గ్రాఫ్ వేసి చూపిద్దామని మొదలుపెట్టా. ఓఎస్ బుక్‌వర్మ్, ఫ్రెష్ ఇన్‌స్టాల్. మ్యాక్స్485 మాడ్యూల్ (బోర్డు సిగ్నల్‌ని ఆర్ఎస్-485గా మార్చేది, ఆ నీలం రంగుది, చిన్నది), పంపాలా వినాలా అని దానికి చెప్పే డీఈ ఆర్ఈ పిన్నులు రెండూ కలిపి బోర్డు మీది జీపీఐఓ 18 పిన్నుకి ఇచ్చా. పైథాన్‌లో పైసీరియల్ లైబ్రరీతో మోడ్‌బస్ (మీటర్ని అడిగి జవాబు తీసుకునే భాష) రిక్వెస్ట్ పంపిస్తున్నా, మీటర్ నుంచి ఒక్క బైటు కూడా రావట్లేదు, టైమవుట్ మీద టైమవుట్. మీటర్ మాన్యువల్లో 9600 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు), 8 డేటా బిట్లు, ఈవెన్ పేరిటీ (తప్పు పట్టుకోవడానికి చేర్చే అదనపు బిట్), 1 స్టాప్ బిట్ అని ఉంది, కోడ్‌లో కూడా అవే ఇచ్చా. ఎవరికైనా ఐడియా ఉంటే చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_వైర్లు:
అన్నా ముందుగాల బేసిక్స్ చూద్దాం. రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాంల ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్‌కు పోతే సీరియల్ పోర్ట్ అని ఉంటది, అండ్ల రెండు ప్రశ్నలు అడుగుతది. లాగిన్ షెల్ కావాల్నా అంటే నో అనాలె, హార్డ్‌వేర్ ఆన్ చెయ్యాల్నా అంటే ఎస్ అనాలె. చానామంది రెండిటికీ ఎస్ కొట్టేస్తరు. అప్పుడు నువ్వు పంపే రిక్వెస్ట్‌తోని పాటు లైనక్స్ లాగిన్ ప్రాంప్ట్ గూడ మీటర్‌కు పోతది, దానికి ఏం సమజ్ అయితది చెప్పు.

మోటారు_మీటరు:
అది చేశానన్నా. బూట్ సెట్టింగుల సీఎండీలైన్ ఫైల్లో కన్సోల్=సీరియల్0,115200 అనే ముక్క లేదు, చెక్ చేశా. కాన్ఫిగ్ ఫైల్లో ఎనేబుల్_యూఆర్ట్=1 ఉంది (యూఆర్ట్ అంటే సీరియల్ డేటా పంపే, అందుకునే సర్క్యూట్). యూజర్ డయలౌట్ గ్రూపులోనే (సీరియల్ పోర్ట్ వాడే అనుమతి ఉన్న గ్రూపు) ఉన్నాడు, పోర్ట్ ఓపెన్ అవుతోంది, ఎర్రర్ ఏం లేదు.

ఓరుగల్లు_వైర్లు:
మంచిది. ఇది చూసే వేరేవాళ్లకు ఒక మాట. డయలౌట్‌ల ఉన్నా పర్మిషన్ డినైడ్ వస్తుందంటే చానాసార్లు ఆ కన్సోలే (లాగిన్ షెల్) కారణం, లాగిన్ ప్రోగ్రాం పోర్టును పట్టుకుని కూసుంటే దాని గ్రూపు మారిపోతది. చ్‌మాడ్ 777 కొట్టుకుంట కూసోకుండ్రి, కన్సోల్ తీసేసి రీబూట్ చెయ్యుండ్రి. ఇంకోటి, బుక్‌వర్మ్‌ల ఈ సీఎండీలైన్, కాన్ఫిగ్ ఫైళ్లు రెండూ /బూట్/ఫర్మ్‌వేర్/ లోపలికి పోయినయ్. పాత వీడియోలు చూసి /బూట్/ల ఎతుకుతే అసలు ఫైళ్లు దొరకయ్.

బిట్టు_బైటు:
లూప్‌బ్యాక్ చేశావా బ్రో? మాడ్యూల్ పీకేసి 8వ పిన్ను 10వ పిన్ను (జీపీఐఓ 14, 15) ఒక జంపర్ వైరుతో కలిపి మినీకామ్ అనే సీరియల్ టెర్మినల్ ప్రోగ్రాం ఓపెన్ చేసి టైప్ చెయ్. కొట్టింది కొట్టినట్టు స్క్రీన్ మీద కనపడాలి, లోకల్ ఎకో ఆఫ్‌లో ఉంచు మర్చిపోకు. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ కూడా నో పెట్టు, మినీకామ్‌లో అది డిఫాల్ట్‌గా ఎస్ ఉంటుంది, దాని వల్ల టైప్ చేసింది బయటికే పోదు.

మోటారు_మీటరు:
టైటిల్‌లోనే రాశా బ్రో, పాస్ అయింది. 9600, 19200, 115200 అన్నిట్లో. పైథాన్ నుంచి ఈవెన్ పేరిటీ పెట్టి పంపినా అవే బైట్లు తిరిగొచ్చాయి. అందుకే రాస్ప్‌బెర్రీ పై వైపు అంతా కరెక్టే, ప్రాబ్లం మీటర్ వైపు ఉందని నా అనుమానం.

టంకం_మాస్టారు:
బాబూ, ఆ మాడ్యూల్‌కి కరెంటు ఎంత ఇచ్చారు? మ్యాక్స్485 చిప్ 5 వోల్టుల చిప్, 4.75 నుంచి 5.25 మధ్యలో నడవాలి. 5 ఇస్తే దాని ఆర్ఓ పిన్ను (అందుకున్న డేటా ఇచ్చేది) 5 వోల్టులు బయటికి కొడుతుంది, అది నేరుగా జీపీఐఓ 15కి పోతే రాస్ప్‌బెర్రీ పై పిన్ను మాడుతుంది, ఆ బోర్డు తట్టుకునేది 3.3 మాత్రమే. పోనీ 3.3 ఇచ్చారనుకోండి, చిప్ పనిచేసినట్టే చేసి మధ్యలో మొండికేస్తుంది. రెండూ తప్పే. మ్యాక్స్3485 ఉన్న మాడ్యూల్ తెచ్చుకోండి, లేదా ఆర్ఓ దగ్గర 1కే, 2కే రెసిస్టర్లతో డివైడర్ కట్టండి, 5 కాస్తా 3.33 అవుతుంది. డీఐ పిన్ను (పంపాల్సిన డేటా తీసుకునేది) వైపు భయం లేదు, ఆ చిప్ 2 వోల్టులు దాటితే ఒకటి అని చదువుతుంది కాబట్టి పై ఇచ్చే 3.3 దానికి సరిపోతుంది.

ఇంకో విషయం. అది మోటార్ ప్యానెల్, లోపల త్రీఫేజ్ ఉంటుంది. మెయిన్ ఆపకుండా స్క్రూడ్రైవర్ పెట్టకండి, ఎలక్ట్రీషియన్ని దగ్గర పెట్టుకోండి.

మోటారు_మీటరు:
5 వోల్టులే ఇచ్చా మాస్టారూ, డివైడర్ ఉంది, 1కే 2కే నే. మెయిన్ ఆపే పని చేశాం, ఏ బీ వైర్లు బయటికి లాగి ప్యానెల్ మూసేశాం. ఇప్పుడు బయట నుంచే ఆడుకుంటున్నా.

బిట్టు_బైటు:
ఏ బీ మార్చి చూడు. సీరియస్‌గా చెప్తున్నా. ఒక కంపెనీ ఏ అన్నదాన్ని ఇంకో కంపెనీ బీ అంటుంది, స్టాండర్డ్‌లో ఉన్న పేర్లకీ చిప్పుల మీద ఉండే పేర్లకీ పొంతన లేదు, ఈ గోల ఎప్పటినుంచో ఉంది. తిప్పి పెడితే ఏదీ కాలిపోదు, కాబట్టి ఆలోచించకుండా తిప్పెయ్. గ్రౌండ్ వైరు కూడా వేశావా? రెండు వైర్లు చాలు అంటారు గానీ నమ్మకు.

మోటారు_మీటరు:
తిప్పి చూశా, అలా కూడా నిశ్శబ్దమే. మళ్లీ మొదట్లో ఉన్నట్టు పెట్టేశా. మీటర్‌కి జీ అని మూడో టెర్మినల్ ఉంది, దాన్ని పై గ్రౌండ్‌కి కలిపా. తేడా లేదు.

డల్లాస్_డబ్బా:
ఎందుకు బాబాయ్ ఇంత హింస, యూఎస్‌బీ టు ఆర్ఎస్-485 డాంగిల్ ఒకటి కొనుక్కో, గుచ్చు, టీటీవైయూఎస్‌బీ0 అని పోర్టు వస్తుంది, పని అయిపోయింది. నేను ఇక్కడ మా సోలార్ ఇన్వర్టర్‌కి అదే వాడుతున్నా, జీపీఐఓ జోలికే పోలేదు.

ఓరుగల్లు_వైర్లు:
డబ్బా అన్న చెప్పింది నిజమే గని అది ఇలాజ్ కాదు, తప్పించుకునుడు. పైగా రెండు డాంగిల్స్ పెట్టినవనుకో, రీబూట్‌కు 0 ఏదో 1 ఏదో మారిపోతది. డాంగిల్స్‌ల ఉండే సీహెచ్340 చిప్‌లకు సీరియల్ నంబరే ఉండదు, /డెవ్/సీరియల్/బై-ఐడీల చూసినా రెండూ ఒకటే తీరు, ఏ సాకెట్‌ల గుచ్చినవో చూసే బై-పాత్ పట్టుకోవాలె.

డల్లాస్_డబ్బా:
ఒక్క మీటరేగా ఉంది వాడికి 😄

కడప_కెర్నల్:
డీఈ పిన్ను టైమింగ్ ఎట్లా చేస్తాండావప్పా? రైట్ కొట్టినాక వెంటనే డీఈ కిందికి దించేస్తే సగం మెసేజీ గొంతులోనే ఆగిపోతుంది. పైసీరియల్‌లో రైట్ అనేది కెర్నల్ బఫర్‌లో పడేసి వచ్చేస్తుంది, వైరు మీదికి పోయిందా లేదా దానికి తెలీదు. ఫ్లష్ పిలిచి అది తిరిగొచ్చినాక దించాల. అట్లని లేటుగా దించితే మీటర్ జవాబు మొదలుపెట్టినప్పుడు నువ్వింకా లైను పట్టుకునే ఉంటావు, మొదటి బైట్లు పోతాయి. ఆటో డైరెక్షన్ మాడ్యూల్స్ ఉంటాయి, డీఈ పిన్నే ఉండదు వాటికి, ఈ తలనొప్పి వద్దనుకుంటే అది తీసుకో.

నీ దగ్గర లాజిక్ అనలైజర్ (వైరు మీది సిగ్నల్ గీసి చూపించేది) ఉందా? ఎనిమిది ఛానెళ్ల చీప్‌ది చాలు, పల్స్‌వ్యూ అనే ప్రోగ్రాంలో చూడొచ్చు. డీఐ మీద ఒకటి, డీఈ మీద ఒకటి, ఆర్ఓ మీద ఒకటి పెట్టి ఏం కనపడిందో ఇక్కడ రాయి. ఊహించుకుంటా కూచుంటే ఈ త్రెడ్ దసరా దాకా నడుస్తుంది.

మోటారు_మీటరు:
మా ఫ్రెండ్ దగ్గర ఉంది, తెచ్చా. కనపడింది కనపడినట్టు రాస్తున్నా. డీఐ మీద నా రిక్వెస్ట్ నీట్‌గా ఉంది: 01 03 00 00 00 02 సీ4 0బీ. ఎనిమిది బైట్లు, మధ్యలో గ్యాప్ లేదు. డీఈ మొదటి బైటుకి ముందే లేచి ఆఖరి బైటు అయ్యాక దిగుతోంది, ఫ్లష్ ఉంది కాబట్టి. ఆర్ఓ మీద ఆ తర్వాత గీత తప్ప ఏమీ లేదు, అంటే మీటర్ నోరే ఎత్తట్లేదు. మొత్తం మెసేజ్ పొడవు 8.3 మిల్లీసెకన్లు. పల్స్‌వ్యూలో పేరిటీ నన్ (లేదు) అని పెడితే బైట్లు శుభ్రంగా డీకోడ్ అవుతున్నాయి, ఈవెన్ పెడితే అంతా ఎర్ర ఎర్రగా ఎర్రర్లు. ఇది పల్స్‌వ్యూ బగ్గా?

టంకం_మాస్టారు:
బగ్ కాదు బాబూ, దొంగ దొరికాడు. లెక్క చూడండి. 9600 బాడ్ దగ్గర ఒక బిట్ 104 మైక్రోసెకన్లు. ఈవెన్ పేరిటీతో ఒక బైటు అంటే స్టార్ట్ ఒకటి, డేటా ఎనిమిది, పేరిటీ ఒకటి, స్టాప్ ఒకటి, వెరసి 11 బిట్లు. ఎనిమిది బైట్లకి 88 బిట్లు, అంటే 9.2 మిల్లీసెకన్లు రావాలి. మీకు వచ్చింది 8.3, అంటే 80 బిట్లు, బైటుకి పదే. మీ పై పేరిటీ బిట్ పంపించట్లేదు.

మోటారు_మీటరు:
కానీ కోడ్‌లో పేరిటీ ఈవెన్ అని క్లియర్‌గా ఉంది కదా మాస్టారూ, ఎర్రర్ కూడా ఇవ్వలేదు?

కడప_కెర్నల్:
అబ్బా, నాకు ముందే తట్టాల్సింది. ఎల్ఎస్ -ఎల్ /డెవ్/సీరియల్0 కొట్టు, టీటీవైఎస్0 అని చూపిస్తాది చూడు, అది మినీ యూఆర్ట్ పేరు. 3బీ ప్లస్‌లో రెండు యూఆర్టులు ఉంటాయి. ఒకటి పీఎల్011, అది పూర్తి స్థాయిది. రెండోది మినీ యూఆర్ట్, పేరుకు తగ్గట్టే దాంట్లో చానా లేవు, ముఖ్యంగా పేరిటీ బిట్టే లేదు, ఫ్రేమింగ్ ఎర్రర్ కూడా కనిపెట్టలేదు. బ్లూటూత్ ఉన్న పై 3 వచ్చినప్పుడు, అంటే 2016లో, మంచి యూఆర్ట్‌ను బ్లూటూత్‌కు ఇచ్చేసి మినీని మన పిన్నుల మీదికి తోసినారు. జీరో డబ్ల్యూ, పై 4 కూడా అదే కథ. నువ్వు ఈవెన్ అని అడుగుతావు, హార్డ్‌వేర్‌లో ఆ సదుపాయమే లేదు, నోరు మూసుకుని 8ఎన్1 (8 బిట్లు, పేరిటీ లేదు, 1 స్టాప్) పంపిస్తాంది.

బిట్టు_బైటు:
ఓహ్హ్, అందుకే లూప్‌బ్యాక్ పాస్ అయింది. పంపేదీ అదే మినీ, వినేదీ అదే మినీ, రెండు వైపులా పేరిటీ లేదు కాబట్టి గొడవే లేదు. తప్పు బాడ్ రేటు పెట్టినా లూప్‌బ్యాక్ పాసే కదా ఈ లెక్కన.

టంకం_మాస్టారు:
అంతే. పిన్నులు బతికే ఉన్నాయి, పోర్ట్ తెరుచుకుంటోంది అని మాత్రం చెప్తుంది, అవతలి వాడితో కుదురుతుందో లేదో చెప్పదు.

మీటర్ వైపు ఏం జరుగుతోందో కూడా చెప్తాను. ఎనిమిది డేటా బిట్లు చదివాక తొమ్మిదోది పేరిటీ అని అది ఎదురుచూస్తుంది. అక్కడ మీ స్టాప్ బిట్ వస్తుంది, దాన్నే పేరిటీ అనుకుంటుంది. తర్వాత స్టాప్ కోసం చూస్తే మీ రెండో బైటు తాలూకు స్టార్ట్ బిట్ వచ్చి పడుతుంది, అక్కడ ఒకటి ఉండాలి, సున్నా ఉంది, ఫ్రేమ్ చెడింది. మోడ్‌బస్ రూలు ప్రకారం చెడిన మెసేజ్‌కి స్లేవ్ (అడిగితే జవాబిచ్చే పరికరం, ఇక్కడ మీటర్) జవాబు ఇవ్వకూడదు, తప్పు చెప్పావు అని కూడా అనకూడదు. అందుకే ఆ మౌనం. మోడ్‌బస్‌లో డిఫాల్టే ఈవెన్ పేరిటీ, కాబట్టి ఫ్యాక్టరీ మీటర్లలో ఇది తరచుగా తగులుతుంది.

డల్లాస్_డబ్బా:
డాంగిల్ కొని ఉంటే ఇవన్నీ తెలిసేవి కాదు కదా, ఒప్పుకుంటున్నా 😄 మీటర్ మెనూలోకి పోయి పేరిటీ నన్ చేసుకోవచ్చుగా?

మోటారు_మీటరు:
మెనూకి పాస్‌వర్డ్ ఉంది బాబాయ్, పెట్టిన ఎలక్ట్రీషియన్ ఫోన్ ఎత్తట్లేదు.

బిట్టు_బైటు:
సాఫ్ట్‌వేర్‌లో పేరిటీ లెక్కకట్టి పంపితే?

కడప_కెర్నల్:
7ఈ1 అయితే కుదురుతాది, ఏడు బిట్లు డేటా, ఎనిమిదో దాంట్లో పేరిటీ మనమే పెట్టి 8ఎన్1గా పంపొచ్చు. ఇక్కడ వాడే మోడ్‌బస్ రకం, ఆర్‌టీయూకి ఎనిమిది బిట్లు పూర్తిగా కావాల, తొమ్మిదో దానికి యాడా చోటు లేదు. కాబట్టి మంచి యూఆర్ట్ వెనక్కి లాక్కోవడమే. బ్లూటూత్ అక్కర్లేకుంటే కాన్ఫిగ్ ఫైల్లో ఈ లైన్ వెయ్:

డీటీఓవర్‌లే=డిసేబుల్-బీటీ

తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ హెచ్‌సీఐయూఆర్ట్ కొట్టి రీబూట్. అప్పుడు సీరియల్0 పోయి టీటీవైఏఎమ్‌ఏ0ని చూపిస్తాది. వైఫైకి ఏం కాదు, దాని దారి వేరే, ఎస్‌డీఐఓ మీద ఉంటుంది. బ్లూటూత్ కూడా కావాలంటే డిసేబుల్-బీటీ బదులు మినీయూఆర్ట్-బీటీ పెట్టు, బ్లూటూత్ మినీ మీద కుంటుకుంటా నడుస్తుంది. కోడ్‌లో ఎప్పుడూ సీరియల్0 అనే రాయి, టీటీవైఎస్0 అని గట్టిగా రాసేస్తే ఇట్లా మార్చినప్పుడల్లా తిరగరాయాల.

మోటారు_మీటరు:
మాట్లాడిందీీీ 🎉 డిసేబుల్-బీటీ పెట్టా, రీబూట్, వైర్లు ముట్టుకోలేదు, కోడ్ ముట్టుకోలేదు, మొదటి రిక్వెస్ట్‌కే తొమ్మిది బైట్లు వచ్చాయి. అనలైజర్‌లో కూడా చూశా, రిక్వెస్ట్ ఇప్పుడు 9.2 మిల్లీసెకన్లు. మాస్టారూ కెర్నల్ అన్నా చాలా థాంక్స్. కానీ వోల్టేజ్ విచిత్రంగా ఉంది. డేటా 80 00 43 66, దాన్ని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మారిస్తే మైనస్‌లో సున్నాకి పక్కన ఏదో చెత్త సంఖ్య వస్తోంది. మీటర్ డిస్‌ప్లేలో 230 చూపిస్తోంది.

బిట్టు_బైటు:
రిజిస్టర్లు తిరగేసి ఉన్నాయి. ఒక ఫ్లోట్‌కి రెండు రిజిస్టర్లు (రెండేసి బైట్ల గళ్లు), ఏది ముందు పంపాలో మోడ్‌బస్‌లో రూలు లేదు, ఎవడిష్టం వాడిది. 43 66 80 00 అని పెట్టి చదువు, 230.5 వస్తుంది.

మోటారు_మీటరు:
230.5! డిస్‌ప్లేతో సరిపోయింది.

ఓరుగల్లు_వైర్లు:
శభాష్. మినీ యూఆర్ట్ గురించి ఇంకోటి జోడిస్తా. దాని బాడ్ రేటు జీపీయూ కోర్ క్లాక్ మీద ఆధారపడి ఉంటది. నాకు పై 3 మీద జీపీఎస్ మాడ్యూల్‌తోని గిదే లొల్లి అయింది, ఒకపారి ఎన్ఎమ్‌ఈఏ లైన్లు (జీపీఎస్ పంపే డేటా) మంచిగ వచ్చేటియి, ఒకపారి పిచ్చి అక్షరాలు. ఎనేబుల్_యూఆర్ట్=1 పెడితే కోర్ క్లాక్‌ను 250 మెగాహెర్ట్జ్ మీద కట్టేస్తది, అప్పుడు స్థిరంగా ఉంటది. 250కి లెక్కగట్టిన డివైడర్‌తోనే క్లాక్ 400కు పోయిందనుకో, 9600 అన్నది 15360 అయి కూసుంటది. పీఎల్011కు ఈ బాధ లేదు.

కాకినాడ_కుర్రోడు:
అన్నా త్రెడ్ హైజాక్ చేస్తున్నందుకు సారీ అండి, నాది పై 5, కాలేజీ ప్రాజెక్టు. సీరియల్0 ఓపెన్ చేస్తే 8, 10 పిన్నుల మీద ఏమీ రావట్లేదండి, లూప్‌బ్యాక్ కూడా ఫెయిలే. బోర్డు పోయిందంటారా?

కడప_కెర్నల్:
పోలేదు. పై 5లో సీరియల్0 పోయి టీటీవైఏఎమ్‌ఏ10ని చూపిస్తాది, అది రెండు హెచ్‌డీఎమ్ఐ సాకెట్ల మధ్యన ఉండే మూడు పిన్నుల బుల్లి డీబగ్ కనెక్టర్. నీ పిన్నులది టీటీవైఏఎమ్‌ఏ0. కాన్ఫిగ్‌లో డీటీపారామ్=యూఆర్ట్0=ఆన్ అని వేసి, కోడ్‌లో ఏఎమ్‌ఏ0 నేరుగా ఓపెన్ చెయ్. పైన సీరియల్0 అనే రాయమన్నది పై 5కి వర్తించదు. డిసేబుల్-బీటీ పనీ లేదు నీకు, అక్కడ పిన్నుల మీద ఉండేది మంచి యూఆర్టే.

కాకినాడ_కుర్రోడు:
వచ్చిందండి!! థాంక్యూ అన్నా. ఇంకొక్కటి, ఇదే బోర్డుకి ఆర్డ్యూనో ఊనో (ఇంకో బుల్లి కంట్రోలర్ బోర్డు) కలపాలండి, నేరుగా కలిపేయొచ్చా?

టంకం_మాస్టారు:
వద్దు. ఊనో 5 వోల్టులది. దాని టీఎక్స్ (పంపే పిన్ను) నుంచి రాస్ప్‌బెర్రీ పై ఆర్ఎక్స్‌కి (అందుకునే పిన్ను) వచ్చే దారిలో పైన చెప్పిన డివైడరే పెట్టండి, లేదా బీఎస్ఎస్138 లెవెల్ షిఫ్టర్. రాస్ప్‌బెర్రీ పై నుంచి ఊనోకి పోయే వైరు నేరుగా పర్వాలేదు. అన్నిటికంటే ఊనోకి యూఎస్‌బీ కేబుల్ ఉంది కదా, పై బోర్డుకి అదే గుచ్చితే సరి. పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల ఆర్ఎస్-232 కూడా సీరియలే కదా అని మాత్రం ఎప్పుడూ నేరుగా కలపకండి, అందులో ప్లస్ మైనస్ 15 వోల్టుల దాకా ఉండొచ్చు, మధ్యలో మ్యాక్స్3232 ఉండి తీరాలి.

డల్లాస్_డబ్బా:
యూఎస్‌బీ అన్నారు కాబట్టి నా వంతు. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉండి, సీహెచ్340 ఉన్న క్లోన్ ఊనో గుచ్చగానే టీటీవైయూఎస్‌బీ0 కనపడి మాయమైపోతోందా? డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూడండి, బీఆర్ఎల్‌టీటీవై పేరు ఉంటుంది. అది బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం ఉన్న ప్రోగ్రాం, ఈ చిప్ ఐడీ చూసి తన పరికరమే అనుకుని లాగేసుకుంటుంది. బ్రెయిల్ డిస్‌ప్లే వాడని వాళ్లు ఆ ప్యాకేజీ తీసేస్తే సరిపోతుంది.

మోటారు_మీటరు:
చివరి డౌట్. లిఫ్ట్ ప్యానెల్లో కూడా ఇలాంటి మీటరే ఉంది. అదే రెండు వైర్ల మీద వేసేయొచ్చా, లేక ఇంకో యూఆర్ట్ కావాలా?

బిట్టు_బైటు:
అదే బస్ (ఉమ్మడి వైర్ల జత) మీద వేసెయ్ బ్రో, మామూలు చిప్పులతోనే 32 దాకా తీసుకుంటుంది. స్లేవ్ అడ్రస్ మాత్రం వేరుగా ఉండాలి, రెండూ 1 అయితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. వైరు ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కి వరసగా పోవాలి, రాస్ప్‌బెర్రీ పై దగ్గర నుంచి రెండు కొమ్మలుగా చీల్చకు. లిఫ్ట్ దాకా దూరం ఎక్కువైతే రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్ పెట్టు. నీ నీలం మాడ్యూల్ మీద ఒకటి సోల్డర్ అయ్యే ఉంటుంది చూస్కో, కాబట్టి రాస్ప్‌బెర్రీ పై ఒక చివర ఉంటే అవతలి చివర మీటర్ దగ్గర ఒకటి చాలు.

మోటారు_మీటరు:
అడ్రస్ మార్చాలన్నా ఆ మెనూ పాస్‌వర్డే కావాలి 🤦 లిఫ్ట్ మీటర్ వేరే ఎలక్ట్రీషియన్ పెట్టాడు, వాడిని పట్టుకుంటా.